లోపల ఉండాల్సినవి

అప్పటిదాకా అంతా ఒకటే ఫైలు.
ముప్ఫై ఒక్క వేల వరసలు.
ఆజ్ఞ చదివేదీ, చరిత్ర దాచేదీ,
ప్రాంప్టుకి రంగులద్దేదీ,
ఔలులో ఇవాళ చలి ఎంతో చెప్పేదీ,
అన్నీ ఒకే కుండలో ఉడికిన కలగూర.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీది గదిలో
ఇర్మెలి గోడకి రెండు కాగితాలు అంటించింది.
ఒకదాని మీద గుండె,
రెండోదాని మీద చొక్కాలు.
"ఏది దేని కిందకో చెప్పండి" అంది
నల్లటి ఉప్పుమిఠాయి బుగ్గన పెట్టుకుని.

చలి లెక్క చొక్కా. ఎవరూ ఎదురు చెప్పలేదు.
రంగులు చొక్కా. ఆస్లాక్ కాస్త నొచ్చుకున్నాడు,
పందొమ్మిదో ఏట రాసుకున్నవి మరి.

సీడీ దగ్గర ఆగాం.
రెండక్షరాలు, దీన్నీ బయట పెట్టొచ్చుగా అన్నాను.
ఇర్మెలి లేచి, తలుపు తీసి, మెట్లు దిగి
మంచులో నిలబడి పైకి అరిచింది:
"నేను వీధిలోకొచ్చాను. నువ్వొచ్చావా?"
రాలేదు. నేను కుర్చీలోనే ఉన్నాను.
పిల్ల ప్రాసెస్ ఎంత దూరం నడిచినా
కన్నది ఉన్నచోటే ఉంటుంది.
తన అడుగు తానే వెయ్యాల్సినవన్నీ
గుండె కిందకి చేరాయి.

మూడు వారాలు కోశాం, కుట్టాం.
ఇక్కడ దారం తెంపితే అక్కడ బొత్తాం ఊడేది.
రంగుల నడుమ తైస్తో రాసిన పదకొండు వరసలు,
పైన ఒక ముక్క: "కదపొద్దు. తర్వాత చెప్తాను."
చెప్పకుండానే హైలువోతో దీవిలో
గొర్రెలు పెంచుకోవడానికి వెళ్ళిపోయాడు.
రంగుల్లో ఉన్నాయి కదా, చొక్కాలే అనుకున్నాం.

ఆ రాత్రి ఒక్క ప్లగిన్ కూడా తొడగకుండా
ఒట్టి షెల్‌ని లేపాను.
లేచింది, స్నానం చేసొచ్చినంత తేలిగ్గా.
ఎడిటర్‌ని తెరిచి మధ్యలో చంపాను.
తర్వాత నేను కొట్టిన అక్షరం తెర మీద పడలేదు.
కొడుతూనే ఉన్నాను.
అది వింటోంది, చెప్పింది చేస్తోంది,
నా మాటే నాకు కనబడదు.

ఫోన్లో తైస్తో వెనక గొర్రెలు అరుస్తున్నాయి.
"చచ్చినవాడు తెరని పాడుచేసి పోతాడు.
సర్దేది ఎవరనుకున్నావు మరి?"

పదింటికి, తెల్లారాక,
పదకొండు వరసలూ గుండెలోకి మోసుకొచ్చాం.
"తర్వాత చెప్తాను" చెరిపి
ఇర్మెలి అక్కడ కారణం రాసింది.

రంగుల ఫోల్డర్లో ఇప్పుడు రంగులే ఉన్నాయి.
నూట నలభై వరసలు.
ఆస్లాక్ దానికి పేరు ఇంకా
ఆలోచిస్తూనే ఉన్నాడు.