ఆరో రెక్క

"మోటారు ఉచ్చ పోయట్లేదత్తా!"
కెమ్చి రేవులో, పాటు మొదలైన వేళ.
ఒతీలియా నవ్వలేదు. ఇంజను ఆపి
దాని నెత్తిన అరచెయ్యి ఆనించింది,
జ్వరమొచ్చిన పిల్లాడికి చూసినట్టు.

బెజ్జంలోకి గాలపు తీగ దూర్చింది.
చిటికెడు ఉప్పు, ఆవగింజంత ఆల్చిప్ప.
అయినా ధార లేదు.

కాలు విప్పింది. పంపు మూత తీసింది.
నల్లరబ్బరు పువ్వుకి ఐదే రెక్కలు.
రెమిహియో కొత్తది అందించబోయాడు.
"ఆగరా. ఆరోది ఏదీ?"

ఊడిన ముక్క ఊరికే పోదు.
నీళ్ళు నడిచే దారినే నడిచి
ఇరుకు చూసుకుని కూర్చుంటుంది.

చీకటి. వాన. వాడి పళ్ళమధ్య టార్చి.
గొట్టం పైకొసన ఊదింది, ఊదింది,
నోటినిండా ఉప్పు.
కింద పట్టిన దోసిట్లో
గోరంత నలుపు.

పారెయ్యలేదు. చొక్కా జేబులో వేసుకుంది.
అందులో ఇంకో రెండున్నాయి,
పాతవి.