తేట

కుండకి సబ్బు తగలనీదు దేశమ్మ.
అడుగున నిన్నటి పులుపు రవ్వంత ఉంచి
దానిమీదే రాగిపిండి కలిపి మూత పెడుతుంది.
"నేను పొణుకుంటా. అవి పన్జేస్తాయి."
తెల్లారి కుతకుతా ఉడికించి బండెక్కిస్తుంది.

రుయా ఆసుపత్రి గేటు ముందు ఆ బండి.
చీటీ చేతిలో పట్టుకుని తిరిగే వాళ్ళు,
తోడొచ్చి రెండ్రోజులుగా పడుకోని వాళ్ళు,
రాత్రి డ్యూటీ దిగి కళ్ళు మండే నేను.
చెంబుడు అంబలి, ఉల్లిపాయ, ఒక ఊరమిరపకాయ.

ఒకనాడు ఉడకని పిండి సీసాడు అడిగి తెచ్చుకున్నా.
ల్యాబులో గిర్రున తిప్పితే
మడ్డి కిందికి, తేట పైకి.
ఆ తేటనీ కాచాను, వడగట్టాను,
ఒక్క ప్రాణి మిగలకుండా.

విరేచనాల వార్డు నుంచి వచ్చిన క్రిమిని
పళ్ళెమంతా పరిచి
మధ్యలో ఒక చుక్క వేశాను.
మర్నాటికి పళ్ళెం నిండా తెల్లటి మసక.
చుక్క చుట్టూ మాత్రం
శేషాచలం మీద మబ్బు ఒకచోట చిరిగినట్టు
గుండ్రంగా ఖాళీ.

పొద్దున్నే పోయి చెప్పాను.
"అంటే అవి సచ్చిపోయినాయా?"
"పోయినాయి. అవి చేసి పెట్టిందే ఇంకా పన్జేస్తా ఉండాది."
గరిట ఆపి నన్ను చూసింది.
"మా ఇంటాయన బతికుండీ చెయ్యల్యా."
చీటీల వాళ్ళు కూడా నవ్వారు.

పళ్ళెం పేగు కాదు, అని కసిరింది మా మేడమ్.
నిజమే.
చుక్కని మందు అనను.
కానీ బ్యూటిరేట్ అని ఒకటుంది,
మనం అరిగించుకోలేని పీచుని
పెద్దపేగు చీకట్లో కొన్ని క్రిములు నమిలి
వండి పెట్టేది.
పేగు గోడకి అదే సద్ది.
ఎవరు వండారో దానికి తెలీదు,
తిని నిలబడుతుంది.

నిరుడు టైఫాయిడ్‌కి నెలరోజులు మాత్రలు మింగి
మంచీ చెడూ అన్నీ కడిగేసుకుని
నీళ్ళు తాగినా కక్కుకున్న రోజుల్లో
కడుపులో మొదట నిలిచింది ఈ చెంబే.
అది రాయడానికి రిజిస్టర్లో గడి లేదు.

నమూనా పేరు అన్నచోట
దేశమ్మ అని రాశాను.
కొట్టేసి, పక్కన పదిహేడు అని వేశాను.

గీత కింద
పేరు ఇంకా చదవొస్తుంది.