ఆరు నిమిషాల దూరం

పైకి ఆరు నిమిషాలు, కిందికి ఆరు.
మధ్యలో ఎవరూ కబుర్లు పెట్టకపోతే
ఓ పేజీ, ఒక్కోసారి పేజీన్నర.
ఈ ఏడాదంతా అలాగే చదివాను,
చియాతురాలో, తీగ మీద వేలాడుతూ.

నా పేరు నజిబ్రోలా. కేబుల్ కారు నడుపుతాను.
ఎనిమిది మంది పట్టే ఇనప డబ్బా,
మాంగనీసు గనికి మనుషుల్ని మోసే డబ్బా.
కిందున్న నదిని చూసి చూసి
ఇరవై ఏళ్ళకి అదీ ఓ గోడైపోయింది.

జనవరిలో లైబ్రరీ పైకప్పు కారిందని
త్సియాలా పుస్తకాలన్నీ తెచ్చి నా స్టేషన్ గదిలో పడేసింది.
"నాలుగు రోజులే" అంది.
ఇంకా ఇక్కడే ఉన్నాయి, పొయ్యి పక్కన,
తడిసి, ఆరి, అట్టలు వంకర్లు పోయి,
ఎండకి చేరిన ముసలాళ్ళలా.

మొదటిది తీసింది చదవడానిక్కాదు,
కుంటి బల్ల కాలి కింద పెట్టడానికి.
వంగినదాన్ని వంగినట్టే
పదిహేడు పేజీలు చదివాను.
పైనుంచి ఫోను మోగుతూనే ఉంది.

ఫిబ్రవరిలో కరెంటు పోయింది.
నది మీద, గాలిలో, ఆగిపోయాం
నేనూ, ముగ్గురు గని పనివాళ్ళూ, సంచిలో ఓ కోడీ.
ఎవరో ప్రార్థన మొదలెట్టారు. నాకు ప్రార్థనలు రావు.
టార్చి వేసి చేతిలో ఉన్నది పైకి చదివాను:
గడియారాలు బాగుచేసే విధవరాలు,
ఆమె బాకీ, ఆమె మరిది ఆడిన అబద్ధం.
కరెంటొచ్చింది. డబ్బా కదిలింది.
జుంబెర్ కసిరాడు:
"ఆపావేం? మరిది ఏమన్నాడు?"

అప్పట్నించీ పలకరింపుకి బదులు అదే అడుగుతారు.
షిఫ్టు దిగిన నల్లటి బొటనవేళ్ళు
పేజీల అంచుల మీద వేలిముద్రలు వేసిపోతాయి.
ఎవరెక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నారో
మరకని బట్టి చెప్పగలను.

ఆ నవలకి చివరి పదకొండు పేజీలు లేవు.
ఎలకలో, వానో.
జుంబెర్ ఊరుకోలేదు. గనిలో భోజనాల వేళ
తనే ముగించుకొచ్చాడు: మరిదిని చంపేశాడు.
త్సియాలా క్షమించేసింది.
నేనైతే ఆమె చేత పొద్దున్నే కొట్టు తెరిపించాను,
గోడ మీద గడియారాలన్నీ
తలో టైమూ చూపిస్తుండగా.
వారం రోజులు పోట్లాడుకున్నాం.
అంత సంతోషంగా నా పెళ్ళి కూడా జరగలేదు.

డిసెంబరు ఆఖరు. లెక్క చూద్దామని
ట్రిప్పుల రిజిస్టరు వెనక రాసుకున్నవి తీశాను.
ఇరవై మూడు. నాలుగు సగంలో వదిలేసినవి,
ఒకటి మళ్ళీ మొదట్నించీ.
ఒకదాని దగ్గర పేరే లేదు,
"చిక్కుళ్ళు మాడాయి" అని మాత్రం ఉంది.
ఏం పుస్తకమో ఎంతకీ గుర్తురాదు.
మాడు వాసన తెలుస్తూనే ఉన్నా
పొయ్యి దాకా లేవలేకపోయిన ఆ సాయంత్రం
ఇంకా ఒంట్లోనే ఉంది.

ఇవాళ మంచు విడిచాక కిందికి చూశాను.
నది.
ఎటో వెళుతోంది.
ఎక్కడికని మొదటిసారి అనిపించింది.

పై స్టేషన్ గంట కొడుతున్నారు.
కొట్టనీ.
ఈ పేరా కాగానే వస్తాను.