గురిగింజెత్తు మందు

బ్యూట్ ఊళ్లో, రాగి గనులు మూతబడ్డ కొండ కింద,
జనవరి.
గరాజ్‌లో హీటర్ ఒక్క మూలనే వెచ్చబెట్టగలదు.
ఆ మూల లోర్నా ట్రెవెథిక్‌ది కాదు, తక్కెడది.
చలికి ముల్లు అబద్ధమాడుతుందని
తను చలిలో కూర్చుని
దాన్ని వెచ్చగా కూర్చోబెడుతుంది.

ముప్పైయొక్క ఏళ్లు మందుల షాపులో
మాత్రలు లెక్కపెట్టిన వేళ్లు.
ఇప్పుడూ మందే.
మన మాటలో రెంటికీ ఒకటే పేరు,
నొప్పి తగ్గించేదానికీ నిప్పందుకునేదానికీ.
(మూడోదాన్ని వాయినో తాగేవాడు,
శనివారాలు మాత్రమే,
తూటాలు చేసే రోజు ముట్టేవాడు కాదు.)

చెంచా అంచును వేలితో తడితే
బూడిదరంగు రేకులు రాలతాయి.
పళ్లెంలో రెండు గురిగింజల ఎత్తు,
కంసాలి కూడా కళ్లు చికిలించేంత కొంచెం.

పోయిన వేసవి నుంచి మణికట్టు మొరాయిస్తోంది.
పిస్టల్ తన్నినప్పుడల్లా మోచేతి దాకా జిల్లు.
వాయినో పుస్తకంలోని లెక్క వాయినో చేతిది,
ఎలుగుబంటి చెయ్యి.
అందుకని మందు తగ్గించింది.
కొంచెం. ఇంకొంచెం.
తన్నడం తగ్గింది.
నలుపు మొదలైంది.

రాలిన గుల్లలు ఏరి చూస్తే
ఒక చెంప పసుపు, ఒక చెంప మసి.
పిస్టల్ కడుపులో కాలీకాలని రేకులు,
దించేసిన అన్నంలో పలుకుల్లా.
మంట చాలకపోతే ఇత్తడి ఉబ్బదు,
గొట్టానికి అతుక్కోదు,
ఆ సందులోంచి పొగ వెనక్కి తిరిగొస్తుంది.
గురివిందకు తన నలుపు తెలియదంటారు.
ఇత్తడికి తెలుసు, దాచుకోదు.

మెత్తగా మాట్లాడితే చాలనుకునే ఇళ్లల్లోనూ
ఇలాగే పేరుకుంటుందేమో
అని నేనంటే లోర్నా ఒప్పుకోదు.
మసి మసే అంటుంది, గుడ్డ అందుకుంటుంది.

ఒకేసారి రెండు మార్చకూడదు.
డెబ్బై దగ్గరపడితే వచ్చిన జ్ఞానం కాదిది,
షాపులో మొదటి వారమే ఎవరో తిట్టి నేర్పారు.
మందు రకం ఒక్కటే మార్చింది, త్వరగా అందుకునేది.
గుండు అదే, పొడవు అదే, మూతి నొక్కు అదే.
అచ్చయిన పట్టికలో అడుగు మెట్టు నుంచి
ఒక్కో మెట్టూ, మెట్టుకు పదేసి,
గుల్ల అడుగున మార్కర్ గీతలు.

రాసుకోడానికి ఖాళీ పేజీ కావాలని
వాయినో పుస్తకం తిప్పితే
చివర్నుంచి తలకిందులుగా రాసిన లెక్కలు.
పైన: "లో. చేతికి."
తేదీ, అతను పోవడానికి ముందటి అక్టోబరు.

నాకే తెలియకముందు నా మణికట్టు సంగతి
నీకెవరు చెప్పారు ముసలాడా?
కోపం నిజంగానే వచ్చింది.
లేచి కెటిల్ పెట్టింది, నీళ్లు పొయ్యడం మరిచి.

ఆరు వరసలు.
ప్రతి వరస చివరా అదే మాట: "ఇంకా మసి."
ఏడో వరసలో మందు పేరొకటి రాసి ఆపేశాడు.
ఆమె ఎంచుకున్నది కాదు.
ఆమె లెక్కలో అది తప్పు మందు కూడా.
ఆ మాట గట్టిగానే అంది, హీటర్‌తో.
దాని కిందే, తలకిందులుగానే,
ఎనిమిదో వరస మొదలెట్టింది.

శనివారం. మంచు గట్టిపడ్డ మైదానం,
పక్క బల్ల దగ్గర స్టీవో వుకోవిచ్ దగ్గు.
మొదటి పది, మసి.
రెండో పది, పళ్లెం అంచున చిన్న నీడ.
మూడో పది ఎగిరి పడుతుంటే
వంగి ఏరడానికి నడుము ఒప్పుకోకపోయినా వంగింది.
చుట్టూ పసుపు.
అక్రోటు పెంకుల పొట్టులో దొర్లించి తీసినట్టు
చుట్టూ పసుపు.
చెయ్యి కూడా ఏమీ అనలేదు,
అంటే, ఎక్కువేమీ అనలేదు.

కాగితం మీద తొమ్మిది చిల్లులు
కాఫీ కప్పు మూత కింద దాగేంత దగ్గరగా.
పదోది ఎడమకు, పైకి, ఒంటరిగా.

వెచ్చటి గుల్లలు కోటు జేబులో గలగలమంటుంటే
ట్రక్కు సీట్లో పుస్తకం తెరిచింది.
"శుభ్రం" అని రాసింది.
"పదోది గాలి" అని రాసి,
బయట జెండా వైపు చూసి,
గాలి కొట్టేసి,
"పదోది నాది" అని రాసింది.