నిశ్శబ్ద గది

ఆటిజం సదస్సు పుస్తకంలో పద్నాలుగో పేజీ:
"నిశ్శబ్ద గది, రెండో అంతస్తు, ఎడమవైపు."
తలుపు తీస్తే కాఫీ కప్పుల అట్టపెట్టెలు,
నిరుటి బ్యానర్లు,
కాలు ఊడిన కుర్చీ.

కింద హాల్లో మూడో రోజు.
బెర్గెన్ వాన అద్దాలమీద ఆగకుండా గీస్తోంది.
తెరమీదా గీతలే:
ఏ పిల్లాడు ఎన్ని క్షణాలు కళ్లలోకి చూశాడో,
మందు ముందు, మందు తర్వాత.
మంత్రిత్వ శాఖ మనిషి
"నిధులు" అన్నప్పుడల్లా గొంతు సవరించుకుంటాడు.

తూర్‌బ్యోర్గ్‌కి ఇచ్చింది ఏడు నిమిషాలు,
భోజనానికి ముందు, కడుపులు మాట్లాడే వేళ.
యాభై ఎనిమిదేళ్లు. రేవు గిడ్డంగిలో
తాళ్ల లెక్క రాస్తుంది.

మైకు ముందు నిలబడి
మూడు నిమిషాలు ఏమీ అనలేదు.
బల్లలు సర్దేవాణ్ణి, గోడవారగా నేనున్నాను.
ముందు దగ్గులు.
తర్వాత కుర్చీల కిర్రులు.
అవీ అయిపోయాక
అందరికీ ఒక్కసారే వినబడింది
నెత్తిమీద ట్యూబులైటు, సీసాలో పడ్డ కందిరీగలా.

"మూడు రోజులుగా మీ మాటలు
దీని అవతలనుంచి వింటున్నాను" అంది.
కాగితం మడిచి దిగిపోయింది.

చప్పట్లకు లేచిన చేతులు కొన్ని
ఏం చెయ్యాలో తెలీక జేబుల్లోకి వెళ్లాయి.

పైన మేమిద్దరం పెట్టెలు మోశాం.
పదకొండో పెట్టె వెనక కిటికీ దొరికింది.
కుర్చీ కాలు తెమ్మంది, జేబులోంచి తాడు తీసి
జారని ముడి వేసింది.
థాంక్స్ చెప్పలేదు. నేనూ ఎదురు చూడలేదు.

మధ్యాహ్నం తీర్మానాల్లో ఏం రాసుకున్నారో తెలీదు.
లైటు మాత్రం
ఎవర్నీ అడక్కుండా ఆర్పేశాను.