దమ్ పట్టేవాడు

గ్యుమ్రీ సంతలో, పాత టీవీల వరసలో
దొరికింది ఈ కీబోర్డు.
ఒక నల్ల మెట్టు విరిగింది.
అందుకని అయిదువేల ద్రామ్‌లు తగ్గించాడు అమ్మినవాడు,
బేరమాడకుండానే.

అయిదొందల ఎనభై గొంతులు దీంట్లో.
నూటపన్నెండు: వేణువు. ఎవరూ ఊదని వేణువు.
మూడొందల నలభై ఒకటి: దుదుక్.
మా ఖుబానీ కొయ్య,
మా పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ ఒకేలా ఏడ్చే కొయ్య.
ఎవరో ఎక్కడో మూసిన గదిలో ఊదితే
ముక్కలు కోసి చిప్పులో
ఉప్పుచేపల్లా నిలవ చేశారు.

రాత్రిళ్ళు హెడ్‌ఫోన్లలో నేర్చుకున్నాను:
శబ్దం ఎంత తొందరగా లేస్తుంది,
లేచాక ఎంత జారుతుంది, ఎక్కడ కుదురుకుంటుంది,
వేలు తీసేశాక
చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఎంతసేపు తచ్చాడుతుంది.
నాలుగు గుండీలు, అంతే.
అటాక్ సున్నా చేస్తే
దుదుక్ కూడా అప్పులవాడిలా తలుపు కొడుతుంది.
పెంచితే
పియానో కూడా మంచులోంచి నడిచొస్తుంది.
కళ్ళు మూసుకుని విన్నాను, ఏది ఏదో పోల్చలేకపోయాను.
వాయిద్యం పేరంతా
మొదటి రెప్పపాటులోనే ఉందన్నమాట.

సెద్రాక్ నలభై ఏళ్ళు దమ్ పట్టాడు.
పాట ఎప్పుడూ పక్కవాడిది.
ఈయనది ఒకే స్వరం.
బుగ్గల్లో గాలి దాచుకుని, ముక్కుతో పీలుస్తూ
పాట కింద నేలలా పరుచుకునేవాడు.
నేలని ఎవరూ మెచ్చుకోరు కదా.
పగలంతా నల్లరాయి చెక్కేవాడు,
ఆ దుమ్మే ఇప్పుడు
ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది.
ఆయన చోట నేను
ఎడమ కొసన ఒక మెట్టు నొక్కి
సందులో అగ్గిపుల్ల ఇరికిస్తున్నాను.
ఒక మనిషి కూలి మిగిలిందన్నారు చావింటివాళ్ళు.

ఒకనాడు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.
విన్నాడు. తిట్టలేదు.
"ఇది ఊపిరెప్పుడు తీసుకుంటుంది?"
తీసుకోదన్నాను.
"మరి వినేవాళ్ళు ఎక్కడ తీసుకోవాలి?"

వారం రోజులు ఆ మాటతో కుస్తీ పట్టాను.
రివర్బ్ పెంచాను:
"చర్చి కట్టావు, మనిషిని మరిచిపోయావు."
పదకొండు సెకండ్లకోసారి గొంతు సన్నబడేలా అల పెట్టాను:
"గడియారం."
ఇక గుండీలు అయిపోయాయి.

ఫిబ్రవరిలో, ఒక బేకరీ ఆవిడ పోయినప్పుడు
వాల్యూమ్ పెడల్ తీసుకెళ్ళి
ఆయన స్టూలు ముందు పెట్టాను.
ఉన్నిబూటు విప్పి, మేజోడు పాదం మోపాడు.
మునివేళ్ళు వంగితే స్వరం నిండింది,
కాస్త లేస్తే, బుగ్గలోంచి రొమ్ములోకి గాలి మారే చోట
వెంట్రుకవాసి తడబడింది.
రెండు తడబాట్లు ఒకలా లేవు.
గోడవారన ఉన్న ఆవిడ కొడుకు
అప్పటిదాకా బిగబట్టిందేదో వదిలాడు.

పాట ముగించి చేతులు తీశాను.
కింద ఒక్క స్వరమే ఉంది.
ఆయన మడమ పూర్తిగా ఆనేదాకా ఆగి
అప్పుడు లాగాను అగ్గిపుల్ల.

కవరు రెండు చెయ్యమంటే
వాయించింది ఒక్కరేగా అన్నారు.
నేను కదల్లేదు. రెండయింది.
బయట మంచులో ఆయన అగ్గిపుల్ల అడిగాడు.
సిగరెట్టు మానేసి మూడేళ్ళు.
వెలిగించకుండానే
జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.