పిలిస్తే పలికేది

వీరవాసరం. రొయ్యల చెరువుల మధ్య మేడమీద గది.
రాత్రి పదకొండుంపావు.
ఇన్వర్టర్ మీద నడుస్తున్న సిమ్యులేషన్
చివర్లో ఒక్క వరస ఎర్రగా కక్కింది:
చెకర్ ఒకటి. వచ్చిన డేటా తప్పు.

చెకర్ ఒకటిని మూడు రాత్రులు నిలదీశాను.
ప్రతి క్లాక్ అంచునా ఓ ప్రింటు పెట్టి కాపు కాశాను.
పాపం, దానికేం తెలీదు.

నాలుగో రాత్రి దొరికింది దొంగ. నేనే.
రెండో చెకర్‌ని పుట్టించేటప్పుడు
పై వరసే కాపీ కొట్టాను.
నేను పిలుచుకునే పేరు మార్చాను,
కొటేషన్ల మధ్య పేరు మార్చలేదు.
ఇంట్లో ఒక పేరు, బళ్ళో ఇంకొకటి.
అదీ పక్కపిల్లది.
అల్లరి ఇది చేస్తే
బెత్తం దెబ్బలు దానికి.

"పేరుదేముంది కుసుమా,
సున్నా, ఒకటి, రెండు, సరిపోదా?"
అంటాడు బెంగళూరు నుంచి మా లీడు.

కింద చెరువులో ఎనిమిది ఫ్యాన్లు.
వాటి కాపలా గుబ్బల నాగేసు
ఏనాడూ నంబరు చెప్పగా వినలేదు.
"దగ్గేది ఆగిపోయిందండీ!"
ఫోన్లో ఆ ఒక్క మాట వినపడితే చాలు,
వాళ్ళావిడ చీకట్లో నేరుగా అక్కడికే పరిగెడుతుంది.
అయిదోది అంటే
ఏ గట్టు నుంచి లెక్కెట్టాలి?
నేనయితే సున్నా నుంచి మొదలెడతాను.
ఈలోగా రొయ్య తేలిపోదూ!

లాగ్ పైకి జరిపి చూశాను.
టాప్, చుక్క, ఎన్వ్, చుక్క, ఏజెంట్, చుక్క,
ఆఖర్న అసలు పేరు.
మనకి లాగే, ఇంటిపేరు ముందు.
ఎవరి తాలూకో తెలిశాకే
నువ్వెవరివని అడగడం.

తెల్లారేలోపు అన్నిటికీ పేర్లు మార్చాను.
రాసేదారి_చెకర్. చదివేదారి_చెకర్.
వరస తప్పితే అరిచేదానికి
నాగేసుని తలుచుకుని
దగ్గేది అనే పెట్టాను.
లీడు ఏమంటాడో మరి.

ఒక్కటి మిగిలింది.
ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన క్లాసు.
దేన్ని కనిపెట్టాలో దానికీ తెలీదు, నాకూ తెలీదు.
పేరుండాల్సిన చోట
కర్సర్ వెలుగుతోంది, ఆరుతోంది.

కింద ఎవరో మోటారు తిప్పారు.
రెండు సార్లు దగ్గి
అందుకుంది.